గంట ఎక్కడ పోతోంది?

సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట అంటే పల్లెల్లో చాలామందికి తెలియకపోవచ్చు. రాణీగంజ్ అంటే మాత్రం తెలియని రైతు ఉత్తర తెలంగాణలో అరుదు. బోరు మోటారు కాలినా, స్టార్టరు డబ్బా చెడినా, మక్కల మిషనుకు బెల్టు తెగినా, పంపుసెట్టుకు ఏదో చిన్న సామాను కావాలన్నా "రాణీగంజ్ పోయి చూడు, ఆడ దొరకకపోతే ఇంకెక్కడా దొరకదు" అంటారు. ఆ రాణీగంజ్, నల్లగుట్ట, మినిస్టర్ రోడ్డు అన్నీ కలిసిన పేట ఇది. సేఠ్ రాంగోపాల్ పేరు మీద వెలసింది. ఒకప్పటి జేమ్స్ స్ట్రీట్, ఇప్పటి మహాత్మాగాంధీ రోడ్డు మీద గడియారం ఉన్న పాత ఠాణా భవనాన్ని చూసినవాళ్లకు ఆ సేఠ్ గారి కాలం కొంత కళ్లకు కడుతుంది.

ఇరవై ఏళ్లుగా పల్లె జనం ఈ పేటకు మరో పని మీద కూడా రావలసి వస్తున్నది. మినిస్టర్ రోడ్డు మీద కిమ్స్ ఉంది. అక్కడికి కొద్ది దూరంలో, పాత ముషీరాబాద్ జైలు స్థలంలో 2003 నుంచి గాంధీ ఆసుపత్రి నడుస్తున్నది. సిద్దిపేట నుంచి, కరీంనగర్ నుంచి, మెదక్ నుంచి దెబ్బలు తగిలిన మనిషిని ఎక్కించుకుని వచ్చే అంబులెన్సులు ఈ చుట్టుపక్కలకే చేరతాయి. మిషను చెడితే ఆ సందుకు, మిషనులో పడి మనిషి చెడితే ఈ సందుకు. తేడా ఒక్కటే. మోటారుకు తొందర లేదు, రేపు తెచ్చినా నడుస్తుంది. మనిషికి అట్లా కాదు.

ఆ తొందర గురించే ఈ వారం రాయదలిచాం. అంబులెన్సు రాంగోపాల్‌పేట చేరిన తర్వాత జరిగే వైద్యం గురించి పత్రికల్లో చాలానే వస్తుంది. కొత్త మిషన్లు, కొత్త ఆపరేషన్లు, ఫొటోలు. పొలం గట్టు మీద మనిషి పడ్డ నిమిషం నుంచి ఆ గేటు దాకా పోయే కాలం గురించి ఎవరూ రాయరు. వ్యవసాయ కూలీల సంఘంలో పనిచేసే మేము ఎక్కువగా చూసేది ఆ కాలాన్నే.

డాక్టర్లు "గోల్డెన్ అవర్" అంటారు. అమెరికాలోని బాల్టిమోర్‌లో ఆడమ్స్ కౌలీ అనే శస్త్రచికిత్స నిపుణుడు ఈ మాటను ప్రచారంలోకి తెచ్చాడు. అరవై నిమిషాలు కాగానే గంట కొట్టినట్టు ప్రాణం పోతుందని కాదు దీని అర్థం. గట్టి దెబ్బలు తిన్నవాళ్లలో కొందరు అక్కడికక్కడే పోతారు, వాళ్లను ఏ ఆసుపత్రీ ఆపలేదు. కొందరు వారాల తర్వాత చీముపట్టో, మూత్రపిండాలు పనిచేయకనో పోతారు. ఈ ఇద్దరి మధ్య ఇంకో గుంపు ఉంది. రక్తం కారిపోతూ, ఊపిరి ఆడక, తలలో రక్తం గడ్డకడుతూ కొన్ని గంటలు బతికుండేవాళ్లు. వీళ్లు చేతికందే మనుషులు. అందుకుంటే దక్కుతారు. మన దగ్గర ఎక్కువ జారిపోతున్నది ఈ గుంపే.

మన కూలీ తల్లుల సంగతి ఇందులో వేరే చెప్పాలి. పెద్ద మనిషి ఒంట్లో నాలుగైదు లీటర్ల రక్తం ఉంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అంటే నాట్లేసే గుంపులో సగానికి పైగా ముందే రక్తం పలచబడ్డవాళ్లు. తిండికి లోటు లేని మనిషి తట్టుకునే దెబ్బను వీళ్లు తట్టుకోలేరు. ఇద్దరికీ గడియారం ఒకటే, కాని ఈ తల్లికి ఆ గంటలో నిమిషాలు తక్కువ.

ఇటీవలి ఒక యాసంగిలో మేము దగ్గరుండి చూసిన సంగతి చెబుతాం. రాజీవ్ రహదారికి లోపలగా ఉన్న ఒక ఊరు. పేరు రాయడం లేదు, ఆ అక్క ఆ ఊళ్లోనే బతకాలి. మక్కలు పడుతున్నారు. గుత్త పని, చీకటి పడేలోగా తెమలాలి. ఆమె కంకులు తోస్తున్నది. కొంగు పోయింది, కొంగు వెంట చేయి పోయింది. సాయంత్రం నాలుగున్నర అయి ఉంటుంది. మిషను ఆపడానికి కొంతసేపు, చేయి బయటికి తీయడానికి కొంతసేపు. మొదటి ఫోను ఎవరికి పోయింది? అంబులెన్సుకు కాదు, మిషను ఓనరుకు. రెండోది ఆసామికి. ఆయన "ఆర్‌ఎంపీని పిలువుండ్రి, నేనొస్తున్న" అన్నాడు. ఆర్‌ఎంపీ వచ్చి గుడ్డ చుట్టి, ఒక సూది వేసి "నాతోని కాదు, తీస్కపోండ్రి" అన్నాడు. అతన్ని తప్పుపట్టడం లేదు, ఊళ్లో ఉన్న డాక్టరు అతనొక్కడే. 108కు ఫోను చేసేటప్పటికి ఐదుంబావు. బండి వేరే కేసు మీద ఉంది, వస్తుందన్నారు. ఆగలేక ఆటోలో ఎక్కించారు.

దగ్గర్లోని సర్కారు ఆసుపత్రికి ఆరు దాటి చేరారు. అక్కడ సెలైను పెట్టారు, కట్టు మార్చారు, కాగితం రాశారు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ మంచిదే, ఒక్కతే. ఎముకల డాక్టరు పగలే ఉంటాడట. మత్తు డాక్టరు వారానికి కొన్ని రోజులే వస్తాడట. రక్తం లేదు. "గాంధీకో ఉస్మానియాకో తీసుకుపోండి" అని రాసింది. అక్కడి నుంచి అంబులెన్సు దొరికింది. శామీర్‌పేట దాటి, అల్వాల్, తిరుమలగిరి, కార్ఖానా మీదుగా జూబ్లీ బస్టాండు. రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నరకు ఆ దారి ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పనక్కరలేదు. సైరను మోగుతుంది, జరగడానికి ముందువాడికి జాగా ఉండాలి కదా.

ఈ మధ్యలో ఇంకొకటి జరిగింది. రాంగోపాల్‌పేటకు చాలా ఇవతల, దారిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి దగ్గర ఆసామి మనిషి బండి ఆపించాడు, తనకు తెలిసినవాళ్లున్నారని. లోపలికి తీసుకుపోయారు, చూశారు, "ఆపరేషను చేయాలె, యాభై వేలు కట్టుండ్రి" అన్నారు. జేబులో ఉన్నది మూడు వేల చిల్లర. ఆసామికి ఫోను చేస్తే ఎత్తలేదు. ముప్పావు గంట అక్కడే పోయింది. చివరికి పెద్ద సర్కారు దవాఖానలో ఆమెను బల్ల మీదికి ఎక్కించేటప్పటికి రాత్రి పదకొండు. డాక్టర్లు ప్రాణం దక్కించారు. చేయి మోచేతి కింద తీసేశారు. "తెగిన ముక్క తెచ్చిన్రా?" అని అడిగారు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అది మిషనులోనే ఉండిపోయింది. తెచ్చినా ఆరున్నర గంటలు అయిపోయింది కదా అన్నారు.

ఆ ఆరున్నర గంటల్లో మంచి రోడ్డుంటే, రద్దీ లేకపోతే, పొలం నుంచి పట్నానికి ప్రయాణం రెండు గంటలకు మించదు. మిగతా నాలుగున్నర గంటలు ఏమయ్యాయి? ఓనరు కోసం ఎదురుచూడటంలో పోయింది. వేరే చోటికి పోయిన బండి కోసం పోయింది. మత్తు డాక్టరు లేని ఆసుపత్రిలో పోయింది. డబ్బు లేని జేబు దగ్గర పోయింది. దూరం వల్లనే పల్లె జనం చస్తున్నారని నాయకులు ఉపన్యాసాల్లో అంటుంటారు. దూరం ఉన్నమాట నిజమే. కాని గంటను తిన్నది దూరం ఒక్కటే కాదు.

ఇంత దూరం లేని చోట కూడా కూలీ బతుకు ఎంత చవకో రాంగోపాల్‌పేటే చూపింది. 2023 జనవరి 19న మినిస్టర్ రోడ్డు నల్లగుట్టలోని డెక్కన్ మాల్ భవనంలో మంటలు లేచాయి. లోపల చిక్కుకున్న ముగ్గురు గుజరాత్ వలస కార్మికులు తిరిగి రాలేదు. పెద్ద ఆసుపత్రి అదే రోడ్డు మీద ఉంది. లోపలి నుంచి బయటికి దారి ఉన్నప్పుడే కదా ఆసుపత్రి దగ్గరవడం.

చట్టం మాటకు వద్దాం. "పోలీసు కేసు, మేము ముట్టుకోం" అనే రోజులు పోయాయని చాలామందికి ఇప్పటికీ తెలియదు. ఒక స్కూటరు మనిషిని కారు గుద్దింది. దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకుపోతే, ఇట్లాంటి కేసులు చూసే ఆసుపత్రి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది, అక్కడికి పోండన్నారు. దారిలో చనిపోయాడు. పరమానంద్ కటారా అనే ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1989 ఆగస్టు 28న కోర్టు తీర్పు చెప్పింది. సర్కారు డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు కాగితాలు తర్వాత.

దానికంటే మనకు దగ్గరి కేసు ఇంకొకటుంది. అది నడిపింది మనలాంటి కూలీ సంఘమే. పశ్చిమ బెంగాల్‌లో ఖేత్ మజ్దూర్ సమితి అని వ్యవసాయ కూలీల సంఘం. దాని సభ్యుడు హకీమ్ షేక్ 1992 జూలై 8న రాత్రి మథురాపూర్ స్టేషన్లో రైలు నుంచి పడ్డాడు. తలకు గట్టి దెబ్బ. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వసతి లేదన్నారు. కలకత్తా తీసుకుపోయారు. నీలరతన్ సర్కార్ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు, మంచం ఇవ్వలేదు. కలకత్తా మెడికల్ కాలేజీలో మంచం లేదు. శంభునాథ్ పండిట్ ఆసుపత్రిలో చేర్చుకోలేదు. నేషనల్ మెడికల్ కాలేజీలో మంచం లేదు. ఇట్లా రాత్రంతా గడప గడపకూ తిరిగి, తెల్లవారాక చివరికి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. అప్పట్లో దాదాపు 17 వేల రూపాయలు ఖర్చయింది. అతని అదృష్టం బాగుండి బతికాడు.

సంఘం ఊరుకోలేదు. సుప్రీంకోర్టు దాకా పోయింది. 1996 మే 6న తీర్పు వచ్చింది. వేళకు వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమే అని కోర్టు తేల్చింది. హకీమ్ షేక్‌కు 25 వేల రూపాయల పరిహారం ఇమ్మంది. డబ్బు లేదనే మాట ఇక్కడ సాకుగా చెల్లదన్నది. ఆరోగ్య కేంద్రాల్లో ప్రాణాపాయ స్థితిని ఆపగల వసతులుండాలి, జిల్లా ఆసుపత్రుల స్థాయి పెంచాలి, ఏ ఆసుపత్రిలో మంచం ఖాళీగా ఉందో ఒకే చోట తెలిసే ఏర్పాటుండాలి అని కూడా చెప్పింది. ఆ తీర్పు వచ్చి ముప్పై ఏళ్లయింది. దాన్ని చదివి మన జిల్లా ఆసుపత్రికి పోయి చూస్తే ఏది అమలైందో, ఏది కాలేదో ఎవరి కళ్లకు వారికే కనిపిస్తుంది. మంచం ఎక్కడుందో ముందే తెలిస్తే ఆ అక్క బండి దారిలో ఎందుకు ఆగుతుంది?

పడ్డ మనిషిని తీసుకుపోవడానికి భయపడేవాళ్లకు కూడా ఒక మాట. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు, 2019లో మోటారు వాహనాల చట్ట సవరణ, రెండూ సాయం చేసినవాడికి రక్షణ ఇచ్చాయి. రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తిన్నవాళ్లను ఆసుపత్రికి చేర్చినవాడు పేరు చెప్పనక్కరలేదు, డబ్బు కట్టనక్కరలేదు, సాక్షిగా తిరగమని ఎవరూ బలవంతం చేయరాదు. "మనకెందుకు లొల్లి" అని పక్కకు తప్పుకోవడానికి ఇక సాకు లేదు.

అదే 2019 సవరణలో, దెబ్బ తగిలిన తొలి గంటలో రోడ్డు ప్రమాద బాధితులకు డబ్బు అడగకుండా వైద్యం చేసే పథకం పెట్టాలని రాశారు. రాసి ఊరుకున్నారు. ఆరేళ్ల దాకా పథకం రాలేదు. సుప్రీంకోర్టు 2025 జనవరిలో గట్టిగా చెబితే తప్ప కేంద్ర ప్రభుత్వం కదలలేదు. 2025 మే 5న నోటిఫికేషన్ వచ్చింది. మనిషికి లక్షన్నర రూపాయల దాకా, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల దాకా డబ్బు కట్టకుండా వైద్యం. మంచిదే. ప్రతి కూలీ ముఠా మేస్త్రీ దీన్ని తెలుసుకోవాలి.

ఇక్కడే మెలిక ఉంది. ఆ పథకం మోటారు వాహనం వల్ల, రోడ్డు మీద జరిగిన ప్రమాదానికి. మక్కల మిషనులో చేయి పోతే అది రోడ్డు కాదు. తాటిచెట్టు మీంచి గీత కార్మికుడు పడితే అది వాహనం కాదు. బాయిలో పడితే, స్టార్టరు దగ్గర కరెంటు కొడితే, చెట్టు కూలితే ఏదీ కాదు. పొలం మధ్యలో ట్రాక్టరు బోల్తాపడితే అది రోడ్డా కాదా అని వాదించుకోవాలి. కారులో పోయే మనిషికీ, పొలంలో పనిచేసే మనిషికీ కారేది ఒకే రక్తం. తొలి గంటలో డబ్బు అడగరాదన్న నియమం మాత్రం తారు రోడ్డు అంచున ఆగిపోయింది.

"ఆరోగ్యశ్రీ ఉంది కదా" అంటారు. ఉంది. 2007లో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పది లక్షలకు పెంచారు. దానివల్ల ఎందరికో పెద్ద ఆపరేషన్లు జరిగాయి, కాదనం. కాని కార్డు ఇంట్లో సందూకులో ఉంటుంది, మనిషి పొలంలో పడతాడు. పథకంలో ఉన్న ఆసుపత్రి ఏదో, లేనిదేదో రాత్రిపూట ఎవరికి తెలుసు? ఇక నాట్లకు వచ్చిన బీహారు, బెంగాలు కూలీల సంగతి? ఆ కార్డు వాళ్ల పేర్ల మీద లేదు. వాళ్లు కూడా మన పొలాల్లోనే నడుములు వంచుతున్నారు.

రైతుబీమా 2018 ఆగస్టులో వచ్చింది. పట్టా ఉన్న రైతు చనిపోతే కుటుంబానికి ఐదు లక్షలు. భూమి లేని కూలీకి అందులో చోటు లేదు. మనం ఎన్నోసార్లు అడిగాం. అది పోగా, ఆ బీమా చావుకే. చేయి పోయి బతికినవాడికి అది వర్తించదు. 1983లోనే పార్లమెంటు ప్రమాదకర యంత్రాల చట్టం చేసింది. నూర్పిడి మిషన్లలో చేతులు పోతున్నాయని గగ్గోలు పుడితే చేసిన చట్టం అది. మిషను తయారీకి లైసెన్సు ఉండాలి, రక్షణ కప్పులు ఉండాలి, దెబ్బ తగిలితే పరిహారం ఉండాలి. ఈ చట్టం పేరు చెబితే మా ప్రాంతంలో ఒక్క మిషను ఓనరు కూడా విన్నట్టు చెప్పలేదు. ఓనర్లనేమిటి, ఒక అధికారే "ఆ చట్టం కాపీ మీ దగ్గరుంటే ఇవ్వండి" అని మమ్మల్ని అడిగాడు.

ట్రాక్టరు ట్రాలీల మాట కూడా దాటవేయలేం. 2018 ఏప్రిల్ 6న నల్గొండ జిల్లా పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టరు ఏఎంఆర్‌పీ కాల్వలో పడి తొమ్మిది మంది పోయారు. అదే ఏడు జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం వేములకొండ కూలీల ట్రాలీ మూసీ కాల్వలో తిరగబడి పదిహేను మంది పోయారు. దాదాపు అందరూ ఆడవాళ్లే. మంత్రులు వచ్చారు, పరిహారాలు ప్రకటించారు. ట్రాలీలో మనుషుల్ని ఎక్కించరాదని అందరూ ఉపదేశించారు. ఎక్కించరాదు, మాకూ తెలుసు. ఊరికి బస్సు లేదు, పొలానికి ఆటో ఎక్కితే కూలిలో కొంత దానికే పోతుంది, ఆసామి పంపే బండి ట్రాలీయే. ఎక్కకపోతే రేపు పిలవడు.

ఈ ట్రాలీ భయం గంటను ఎట్లా తింటుందో బయటివాళ్లకు తెలియదు. దెబ్బలు తిన్నవాళ్లను మోసుకుని ఆసుపత్రి గుమ్మంలో నిలబడి, "ట్రాలీ మీంచి పడ్డడని చెప్పాల్నా, రోడ్డు పొంటి నడుస్తుంటే గుద్దిందని చెప్పాల్నా" అని గుసగుసలు మొదలవుతాయి. ట్రాలీలో కూర్చున్నవాళ్లకు ఇన్సూరెన్సు కంపెనీ అడ్డుపుల్ల వేస్తుందని అందరికీ తెలుసు. ఆసామి మనిషి చెవిలో ఒకటి చెబుతాడు, ఊరి పెద్ద మరొకటి చెబుతాడు. డాక్టరు ఎట్లా దెబ్బ తగిలిందని అడిగితే తలా ఒక మాట. చక్రం ఛాతీ మీంచి పోయిందా, పక్కకు పడ్డాడా అన్నది డాక్టరుకు కావాలి. పైకి దెబ్బ కనపడకుండా లోపల రక్తం కారే మనిషి విషయంలో ఆ ఒక్క మాటే ప్రాణం. ఎట్లా జరిగిందో అట్లాగే డాక్టరుకు చెప్పండి. కోర్టు వ్యవహారం తర్వాత సంఘం చూసుకుంటుంది.

108 గురించి తేలికగా మాట్లాడటం మాకిష్టం లేదు. 2005 ఆగస్టు 15న మన హైదరాబాద్‌లోనే మొదలై, తర్వాత ఎన్నో రాష్ట్రాలకు పాకిన సేవ అది. అప్పటిదాకా ఎడ్లబండి, నులకమంచం, పాలవ్యాను తప్ప ఎరగని పల్లెకు అది నిజంగా మార్పు. ఆ బండ్ల మీద పనిచేసే పిల్లలు తక్కువ జీతాలకు రాత్రింబగళ్లు తిరుగుతారు. లోపం ఎక్కడంటే, బండి వచ్చి ఎక్కించుకుపోయేది మళ్లీ ఆ మత్తు డాక్టరు లేని ఆసుపత్రికే. చక్రాలు పెంచి, చేర్చే చోటును పెంచకపోతే మనిషిని ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి వేగంగా తిప్పినట్టవుతుంది. 2024 నాటికి తెలంగాణలో జిల్లాకొక సర్కారు మెడికల్ కాలేజీ వచ్చింది. భవనాలున్నాయి, బోర్డులున్నాయి. రాత్రి పది గంటలకు తొడ ఎముక విరిగి, పొట్టలో రక్తం కారుతున్న మనిషిని అక్కడే కోసి కుట్టగలరా అన్నదే పరీక్ష. కలెక్టరు గారిని కలిసినప్పుడు మేము అడిగిన ప్రశ్న అదొక్కటే. 2020లో కరోనా వచ్చి గాంధీని నెలల తరబడి కరోనా రోగులకే కేటాయించినప్పుడు, ఆ వైపు వచ్చే దెబ్బల కేసులన్నీ ఉస్మానియా మీద, ప్రైవేటు మీద పడ్డాయి. ఒక్క గాంధీ తలుపు మూస్తే ఇన్ని జిల్లాలకు గతి లేకపోయిందంటే జిల్లాల్లో ఏముందో ఊహించుకోవచ్చు.

అన్నిటికీ కోట్లు అక్కరలేదు. ట్రానెక్సామిక్ యాసిడ్ అని ఒక సూదిమందు ఉంది. రక్తం గడ్డను కరగకుండా నిలుపుతుంది. 2010లో, నలభై దేశాల్లో ఇరవై వేల మందికి పైగా దెబ్బలు తిన్నవాళ్ల మీద జరిగిన పరీక్షలో, రక్తం పోతున్నవాళ్లకు వేళకు ఇస్తే చావులు తగ్గుతాయని తేలింది. మూడు గంటల లోపు ఇస్తేనే మేలు, అదీ ఎంత ముందు ఇస్తే అంత మంచిది. మూడు గంటలు దాటాక ఇస్తే కీడు కూడా జరగవచ్చు. ఖరీదైన మందు కాదు, మన దేశంలోనే తయారవుతుంది. ఇది మండల ఆరోగ్య కేంద్రంలో, అంబులెన్సులో ఉండాలి గాని, మూడు గంటల ప్రయాణం తర్వాత చేరే పెద్దాసుపత్రి అలమారలో ఉంటే కూలీకి ఏం ఒరిగింది?

రాత్రి మత్తు డాక్టరు, నిలవ రక్తం, ఆ సూదిమందు, ఎక్కడ మంచం ఉందో చెప్పే ఒక్క ఫోను నంబరు – ప్రతి నియోజకవర్గ కేంద్రంలో ఇవి కావాలని అడుగుతున్నాం. పొలం దెబ్బకు కూడా రోడ్డు దెబ్బతో సమానంగా తొలి ఏడు రోజులు డబ్బు అడగని వైద్యం కావాలని అడుగుతున్నాం. ఇవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం గనుక ముఠాల్లో కొంత పని మొదలుపెట్టాం. మా వాళ్లు కొందరు "సంఘం కూలి రేట్లు చూడాలె గాని ఇదేంది" అన్నారు. చేయి పోయినవాడికి రేటు ఎంతని అడిగితే ఊరుకున్నారు.

మేస్త్రీలకు చెబుతున్నవి ఇవి. మొదటి ఫోను ఓనరుకు కాదు, 108కు. రోడ్డు ప్రమాదమైతే 112 కూడా పలుకుతుంది. పొలానికి ఇంటి నంబరు ఉండదు గనుక కరెంటు స్తంభం మీది నంబరో, తూము నంబరో, గుడి పేరో చెప్పాలి. ఒక మనిషి రోడ్డు మీదికి పోయి నిలబడాలి. రక్తం కారుతుంటే పసుపు, కాఫీపొడి, మట్టి పెట్టకండి. శుభ్రమైన బట్ట మడిచి గాయం మీద పెట్టి అరచేత్తో గట్టిగా అదమాలి, ఎత్తి ఎత్తి చూడకూడదు. ఎంత అదిమినా ఆగకపోతే, చేతికో కాలికో గాయానికి పైన వెడల్పు బట్టతో రక్తం నిలిచేదాకా బిగించి, బిగించిన టైము నుదుటి మీదో చేతి మీదో రాయాలి. వదులుగా కడితే కట్టనిదానికంటే ఎక్కువ కారుతుంది. చెట్టు మీంచో ట్రాలీ మీంచో పడ్డ మనిషిని రెక్కలూ కాళ్లూ పట్టి లేపకూడదు. వెన్నుపూస విరిగి ఉంటే ఆ లేపుడుతోనే జన్మంతా మంచాన పడతాడు. తలుపు రెక్కో పలకో తెచ్చి, తల కదలకుండా పట్టుకుని, నలుగురూ ఒక్కసారి జరపాలి. ఆపరేషను పడవచ్చు గనుక నోట్లో నీళ్లు పోయకూడదు.

తెగిన వేలు, తెగిన చేయి ఎక్కడుందో వెతకాలి. కడిగి రుద్దకుండా, తడి చేసిన శుభ్రమైన బట్టలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టి, ఆ కవరును మంచు వేసిన ఇంకో కవరులో పెట్టాలి. మంచు నేరుగా తగిలితే కండ చచ్చిపోతుంది. మంచు ఊళ్లో ఎక్కడని అడుగుతారు. కూల్‌డ్రింకుల షాపులో, చేపలు అమ్మేవాళ్ల దగ్గర ఉంటుంది. కండ ఉన్న చేయి మామూలు వేడిలో ఆరు గంటలు దాటితే అతికే ఆశ పోతుంది, వేళ్లయితే చల్లగా ఉంచితే ఇంకొంత ఎక్కువసేపు ఆగుతాయి.

ఆరోగ్యశ్రీ కార్డు, ఆధార్ కార్డుల ఫొటోలు ముఠాలో ఇద్దరి ఫోన్లలో ఉండాలని పెట్టాం. దారిలో ఏ ఆసుపత్రి పథకంలో ఉందో, ఏది లేదో రాసిన కాగితం మేస్త్రీ దగ్గర ఉంటుంది. అది మూడు నెలలకోసారి మార్చాలి, ఆసుపత్రులు చేరుతుంటాయి, పోతుంటాయి. కూలి రోజుకు ఐదు రూపాయల చొప్పున బండి కిరాయి కోసం డబ్బాలో వేసే ముఠాలు కొన్ని తయారయ్యాయి. కొన్ని ముఠాలు ఇంకా వేయలేదు, సీజను మధ్యలో ఐదు రూపాయలు కూడా ఐదు రూపాయలే. మిషను ఓనర్లతో మాట్లాడుతున్నాం. కంకులు తోసే నోటికి పొడుగాటి కప్పు, తిరిగే షాఫ్టుకు కవరు పెట్టనిదే వచ్చే యాసంగికి మా ఆడవాళ్లు మిషను ఎక్కరని చెప్పాం. ఇద్దరు ఓనర్లు సరేనన్నారు. ఒకాయన "రాణీగంజ్‌ల దొరుకుతదా?" అని అడిగాడు. దొరుకుతుందని చెప్పాం.